చెరిపే ముందు చదవండి

సంక్రాంతికి ముందురోజు తెల్లవారుజామున భోగిమంట వేసే ఆచారం మనందరికీ తెలిసినదే. విరిగిన పీట, చివికిన తడిక, కాలు వూడిన కుర్చీ - ఏడాది పొడుగునా అటకమీదా, పెరటిలోనూ పడివున్న సామానంతా ఆ మంటలోకి పోతుంది. అయితే అంతకుముందు సాయంత్రం చాలా ఇళ్లలో ఇంకొక తంతు జరుగుతుంది. దాన్ని ఎవరూ పండుగ కింద లెక్కవేయరు. పిల్లలు పోగుచేసిన కుప్ప పక్కన ఇంటి పెద్దావిడ చతికిలబడి, ఒక్కొక్క వస్తువునే చేతిలోకి తీసుకుని చూస్తుంది. "ఇది పోనీండి" అంటుంది. "ఇది మాత్రం ముట్టుకోకండిరా, మీ తాతగారి వ్రాతబల్ల" అంటుంది. మంట వేయటం పిల్లల పని. ఏరటం పెద్దల పని.

ఈ రెండు పనులూ వేరువేరుగా జరిగినంతకాలం ఏ చిక్కూ లేదు. రెండూ ఒకే క్షణంలో, ఒకే చేతిమీదుగా జరిగిపోయినప్పుడే వస్తుంది ముప్పు. ఈ సంగతి మన ఇళ్లలోనూ, ఆఫీసుల్లోనూ వున్న కంప్యూటర్లకు ఎంతగా వర్తిస్తుందో చెప్పటానికే ఈ వ్యాసం.

"తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి కంప్యూటరు గొడవ ఎందుకయ్యా?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. జవాబు మనవి చేసుకుంటాను.

నిండిపోయిన డిస్కు

నా కాపురం రామంతాపూర్‌లో. వుద్యోగం నాచారం వైపు ఒక కళాశాలలో. మా తెలుగు శాఖకు ఒక కంప్యూటరు వున్నది. వయస్సులో పెద్దది. కొత్త విండోస్‌ను మోసే శక్తి లేదని కొన్నేళ్ల క్రితమే దానికి లైనక్స్ ఎక్కించారు. దానిలో 500 గిగాబైట్ల డిస్కు వున్నది. గత విద్యా సంవత్సరంలో ఒక రోజున, పరీక్షలు తరుముకువస్తుండగా, ప్రశ్నపత్రం దాచబోతే "స్థలం లేదు" అని చెప్పి వూరుకున్నది.

మా లాబరేటరీ సహాయకుడు వుప్పల్ నుండి వచ్చే కుర్రవాడు. పని తెలిసినవాడు, చురుకైనవాడు. నల్లని తెర ఒకటి తెరచి కూర్చున్నాడు.

"సార్, అయిదేండ్ల సంది ఎవ్వరు ముట్టని ఫైళ్లన్నీ తీసేద్దాం. ఒక్క లైను కొడితే అయిపోతది" అన్నాడు.

"అయిపోయేదేమిటో ముందు చూపించగలవా నాయనా?" అన్నాను.

"చూపిస్త సార్. గని చాంతాడంత వుంటది."

"వుండనీ. తాళపత్రాలు చూసేవాళ్లం, చాంతాడుకు జడుస్తామా?" అన్నాను. ఆ చాంతాడు చదవటంలోనే నాకు ఈ విద్య పట్టుబడింది.

నల్ల తెర కథ

ఆ నల్లని తెరను కమాండ్ లైన్ అంటారు. బొమ్మలు వుండవు, మౌసుతో పనిలేదు. మనం ఒక ఆజ్ఞ కొడితే యంత్రం దానిని పాటిస్తుంది. 1969లో అమెరికాలోని బెల్ లాబొరేటరీస్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలైనవారు యూనిక్స్ అనే వ్యవస్థకు ప్రాణం పోశారు. ఆ సంప్రదాయంలోనే 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లండు విద్యార్థి లైనక్స్‌ను మొదలుపెట్టాడు. ఫైళ్లను తీసివేసే ఆజ్ఞ 'ఆర్.ఎం.' యూనిక్స్ మొదటి మాన్యువలు వెలువడిన 1971 నుంచీ వున్నది. రెండే అక్షరాలు. ఇంత క్లుప్తంగా ఇంత నష్టం చేయగల మాట మరొకటి వుండదేమో!

మీ యింటి కంప్యూటరులో ఫైలును మౌసుతో పట్టి తీసివేస్తే అది చెత్తబుట్టలో పడుతుంది. పొరబాటయితే బుట్టలోంచి తిరిగి తీసుకోవచ్చు. ఆర్.ఎం.కు బుట్ట లేదు. కొట్టినంతలో పోతుంది. "నిజమేనా?" అని కూడా మామూలుగా అడగదు.

పోవటమంటే ఏమిటి? తరగతి హాజరుపట్టీని తలచుకోండి. పట్టీలో పేరు కొట్టివేసినంత మాత్రాన కుర్రవాడు ఆవిరయిపోడు. అతని బెంచీ ఖాళీ అని లెక్క, అంతే. మరొకడు వచ్చి కూర్చునేదాకా అతడు అక్కడే వుండనూవచ్చు. ఆర్.ఎం. చేసేది అదే: ఫైలు పేరును పట్టీలోంచి కొట్టివేస్తుంది. ఆ ఫైలుకు ఇంకో పేరు లేకపోతే, ఏ ప్రోగ్రామూ దాన్ని తెరచి పట్టుకుని వుండకపోతే, ఆ చోటు ఖాళీ అని ప్రకటిస్తుంది. లోపలి విషయం మరొక ఫైలు వచ్చి దానిమీద పడేవరకు డిస్కులో మిగిలివుండవచ్చు.

మా రామంతాపూర్‌లోనే కేంద్ర ఫోరెన్సిక్ సైన్స్ లాబరేటరీ వున్నది. నేరస్థులు చెరిపివేశామనుకున్న సమాచారాన్ని ఇటువంటి చోట్ల నిపుణులు వెలికి తీయగలగటానికి ఒక కారణం ఇదే. కాని దానిని నమ్ముకుని మనం చేతికి వచ్చినట్లు చెరపకూడదు. ఇవాళ చాలా కంప్యూటర్లలో వుండే ఎస్.ఎస్.డి. డిస్కులు, ఖాళీ అని తెలిసిన చోటును తమంతట తామే తుడిచి పెట్టుకుంటాయి. అక్కడ ఎంత నిపుణుడికైనా దొరికేది తక్కువ.

ముందు ఎక్కడున్నామో చూసుకోవాలి

ఇక అసలు పద్ధతి. ఆజ్ఞలను ఇక్కడ ఉచ్చారణ ప్రకారం తెలుగులో వ్రాస్తున్నాను. యంత్రం ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాలతో కొట్టాలి. అక్షరాల మధ్య నేను పెట్టిన చుక్కలు ఉచ్చారణకోసమే, అవి కొట్టనక్కరలేదు.

మొదట కొట్టవలసింది 'పి.డబ్ల్యు.డి.' ఇది మన రోడ్లు వేసే పాత ప్రభుత్వశాఖ కాదు సుమా! "నేను ఇప్పుడు ఏ అరలో వున్నాను?" అని అడగటం. యంత్రం ఆ అర పేరు చెబుతుంది. ఒకటి కంటే ఎక్కువ యంత్రాలతో పని వుంటే 'హోస్ట్ నేమ్' అని కూడా కొట్టి, ఏ యంత్రంలో వున్నామో చూసుకోవాలి. ఇది చాదస్తం కాదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే ప్రసిద్ధ సంస్థలో ఒక ఇంజనీరు, రెండవ సర్వరులో వున్నాననుకుని అసలు సర్వరులోని డేటాబేసును తీసివేయసాగాడు. ఒకటి రెండు క్షణాలలో తెలుసుకుని ఆపాడు. అప్పటికి సుమారు 300 గిగాబైట్లలో నాలుగున్నర మాత్రమే మిగిలాయి. చివరికి ఆరు గంటల సమాచారం పోయింది. ఆ సంస్థ ఈ కథనంతా దాచకుండా లోకానికి చెప్పటం వారి పెద్దరికం.

రెండవది, 'డి.ఎఫ్. -హెచ్'. ఏ డిస్కు ఎంత నిండిందో ఇది చెబుతుంది. మూడవది, 'డి.యు. -ఎస్.హెచ్. *'. ఇది ఒక్కొక్క అర ఎంత చోటు తింటున్నదో చెబుతుంది. వైద్యుడు ముందు నాడి చూసి తరువాత మందు ఇచ్చినట్లన్నమాట. మా కంప్యూటరులో నాడి చూస్తే, బరువంతా నాలుగైదు అరల్లోనే వున్నదని తేలింది. మిగతా అరలను ముట్టుకోవలసిన అవసరమే లేకపోయింది.

వెతికేవాడు వేరు, తీసేవాడు వేరు

ఇప్పుడు వస్తాడు కథానాయకుడు. పేరు 'ఫైండ్'. ఇతడికి నాలుగు ఆనవాళ్లు చెబితే ఎంత పెద్ద అరనైనా గాలించి వస్తాడు. 'ఫైండ్ . -టైప్ ఎఫ్ -సైజ్ +100ఎం' అంటే "ఈ అరలోనూ, దీని లోపలి అరలన్నిటిలోనూ వంద మెగాబైట్లకు మించిన ఫైళ్లు చూపించు" అని అర్థం. ఇక్కడ కొట్టే చుక్క మాత్రం నిజమైన చుక్కే. "నేను వున్న చోటు" అని దాని భావం. ఈ ఆజ్ఞలో ఎం మటుకు పెద్ద అక్షరం.

పేరునుబట్టి వెతకాలంటే '-నేమ్' అనాలి. టి.ఎం.పి. అనే తోకతో ముగిసే తాత్కాలిక ఫైళ్లు కావాలంటే, '-నేమ్' తరువాత "*.టి.ఎం.పి." అని కొటేషను గుర్తుల మధ్య పెట్టాలి. నక్షత్రం గుర్తుకు "ఏదైనా సరే" అని అర్థం. కొటేషన్లు ఎందుకంటే, అవి లేకపోతే ఫైండ్‌కు చేరకముందే షెల్ అనే మధ్యవర్తి ఆ నక్షత్రాన్ని తన ఇష్టం వచ్చినట్లు విడమరచిపెడతాడు. రాయబారి జాబును దారిలో విప్పి తిరగవ్రాసినట్లవుతుంది.

వయస్సునుబట్టి వెతకాలంటే '-ఎం.టైమ్'. ఇక్కడొక తిరకాసు వున్నది. '-ఎం.టైమ్ +30' అంటే ముప్ఫయి రోజులు దాటినవి అని మనం అనుకుంటాం. ఫైండ్ రోజులను పూర్తి ఇరవైనాలుగు గంటల చొప్పున లెక్కపెట్టి, మిగిలిన గంటలను వదిలేస్తాడు. అందువల్ల కనీసం 31 రోజులు నిండినవే వస్తాయి. వడ్డీ లెక్కలలో మన షావుకార్లకు కూడా ఇంత నిక్కచ్చి వుండదు!

ఇంతవరకు ఏ ప్రమాదమూ లేదు. ఫైండ్ చూపిస్తాడు, అంతే. అయితే ఆజ్ఞ చివర '-డిలీట్' అనే మాట చేర్చామా, చూపించటం మానేసి తీసివేస్తాడు. ఇక్కడ తెలుగు వ్యాకరణం మనకు బాగా వుపకరిస్తుంది. మన వాక్యంలో మామూలుగా కర్త, కర్మ ముందు వస్తాయి. క్రియ చివరకు వస్తుంది. "పాతవైన, పెద్దవైన, పలానా పేరుగల ఫైళ్లను తీసివేయి." ఫైండ్ కూడా తెలుగువాడిలాగే ఎడమ నుంచి కుడికి ఒక్కొక్క మాటే వింటాడు. డిలీట్ అనే క్రియను చివర పెడితే ముందు చెప్పిన షరతులన్నీ దాటినవే పోతాయి. ఇంగ్లీషు ఫక్కీలో క్రియను ముందుకు తెచ్చి, 'ఫైండ్ . -డిలీట్ -నేమ్...' అన్నామా, పేరేమిటో వినకముందే అరలో వున్నదంతా వూడ్చిపెడతాడు. తెలుగు ఎమ్మే చదివినందుకు నాకు కంప్యూటరు దగ్గర దొరికిన మొదటి లాభం ఇది.

కనుక నియమం ఏమిటంటే - మొదటిసారి డిలీట్ లేకుండా ఆజ్ఞ నడపాలి. వచ్చిన పట్టికను చదవాలి. చాలా పొడుగైతే '>' గుర్తు పెట్టి ఒక ఫైలులోకి మళ్లించి తీరికగా చదవాలి. ఆ ఫైలుకు కొత్త పేరే పెట్టాలి. వున్న ఫైలు పేరు పెడితే దానిలోని విషయం మాయమై పట్టిక దాని స్థానంలో కూర్చుంటుంది. చదివి, సరే అనుకున్న తరువాతనే తీసివేయటం.

పదచ్ఛేదం

పద్యం చెప్పేటప్పుడు పదచ్ఛేదం తప్పితే ఎన్ని అనర్థాలు వస్తాయో మా విద్యార్థులకు ఏటా చెబుతుంటాను. యంత్రం కూడా ఈ తప్పు చేస్తుందని నాకు ఆ రోజే తెలిసింది.

మనం ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టుకుంటాం. "వేమన" అని ఒక ఫైలు. అది మంచి ప్రతి. "వేమన పాత" అని మరొకటి. అది పనికిరాని చిత్తుప్రతి. పేరు చివర "పాత" అని వున్నవాటిని ఫైండ్ చేత వెతికించి, ఆ పట్టికను 'ఎక్సార్గ్స్' అనే మోతగాడి ద్వారా ఆర్.ఎం.కు అందించామనుకోండి. ఈ మోతగాడికి ఖాళీ కనిపిస్తే చాలు, అక్కడ ఒక పేరు ముగిసిందనుకుంటాడు. "వేమన పాత" అన్న ఒక్క పేరును "వేమన" అనీ, "పాత" అనీ రెండుగా విరుస్తాడు. "పాత" అనే ఫైలు లేదని ఆర్.ఎం. గొణుగుతుంది. ఈలోగా "వేమన" అనే మంచి ప్రతి పోయివుంటుంది. చిత్తుప్రతి మటుకు నిక్షేపంగా వుంటుంది!

దీనికి మందు వున్నది. ఫైండ్ చివర '-ప్రింట్0' అనీ, ఎక్సార్గ్స్ పక్కన '-0' అనీ చేర్చాలి. అప్పుడు పేరుకూ పేరుకూ నడుమ, ఏ ఫైలు పేరులోనూ రావటానికి వీలులేని శూన్యాక్షరం ఒకటి హద్దురాయిలాగా వుంటుంది. పదచ్ఛేదం తప్పదు. ఈ తంటా అంతా ఎందుకంటే, ఫైండ్ చేతనే '-ఓకే' అనే మాటతో ఆర్.ఎం.ను పిలిపించవచ్చు. అప్పుడు ఒక్కొక్క ఫైలు దగ్గరా ఆగి "తీయనా?" అని అడుగుతాడు. పది, ఇరవై ఫైళ్లయితే ఇంతకంటె క్షేమమైన మార్గం లేదు.

తెలుగు పేర్లకు ఇంకో విశేషం వున్నది. "లక్ష్మి" అని వ్రాస్తే మన కంటికి రెండే అక్షరాలు. యూనికోడ్ లెక్కలో అవి ఏడు గుర్తులు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఒక్కొక్కదానికి మూడు బైట్ల చొప్పున ఇరవైయొక్క బైట్లు. లైనక్స్‌లో సాధారణంగా ఒక ఫైలు పేరుకు 255 బైట్లే హద్దు. అంటే తెలుగులో 85 గుర్తులు దాటి పేరు పెట్టలేము. అంతేకాదు, "బాక్స్‌లో" వంటి మాటలలో పొల్లు తరువాతి అక్షరం వత్తుగా మారకుండా కంటికి కనపడని గుర్తు ఒకటి పెడతాం. అది ఒక పేరులో వుండి, మరో పేరులో లేకపోతే, ఒక్కొక్కప్పుడు చూపుకు ఒకేలాగ వున్న రెండు ఫైళ్లు యంత్రానికి వేరు వేరు. అటువంటప్పుడు పేరును నమ్ముకోకుండా 'ఎల్.ఎస్. -ఐ' అని కొడితే ప్రతి ఫైలు పక్కనా దాని అంకె కనిపిస్తుంది. మనుషులకు ఆధార్ సంఖ్య వంటిదది. '-ఐనమ్' అనే మాటతో ఆ అంకెనే వెతికించి, ఆ ఒక్కదానినే తీయించవచ్చు.

పట్టికలో దొరికినది

ఇక మా శాఖ సంగతి. అయిదేళ్లుగా ఎవరూ మార్చని ఫైళ్ల పట్టిక వచ్చింది. ఇద్దరం కాఫీలు తెప్పించుకుని చదవటం మొదలుపెట్టాం. పాత ప్రోగ్రాముల మూటలు, ఎప్పటివో హాల్‌టికెట్లు, ఎవరో విద్యార్థి దింపుకున్న మూడు సినిమాలు - ఇవన్నీ నిస్సందేహంగా చెత్తే. సగం దాటిన తరువాత వరుసగా 212 ఫైళ్లు కనిపించాయి. పేర్లకు అర్థం లేదు. ఆర్.ఇ.సి. 0001 మొదలు ఆర్.ఇ.సి. 0212 వరకు. ఒక్కొక్కటి సుమారు నలభై మెగాబైట్లు.

"ఇవి కూడ తీసేయొచ్చు సార్. పేరు గూడ లేదు" అన్నాడు కుర్రవాడు.

"నలభై మెగాబైట్లంటే ఏమి ఫైలయివుంటుంది?"

"శబ్దం సార్. నొక్కకుండ దాచిన శబ్దమైతే నిమిషానికి పది మెగాబైట్ల లెక్క. నాలుగు నిమిషాలు వుంటది."

"ఒకటి వినిపించు."

వినిపించాడు. ముందు కోడికూత, తరువాత ఎవరో దగ్గటం. ఆ తరువాత ఒక ముసలమ్మ గొంతు, దాని వెంట పదిమంది గొంతులు. వరినాట్ల పాట. ఇద్దరమూ నోరు మెదపకుండా చివరిదాకా విన్నాం.

మా శాఖలో చాలాకాలం పనిచేసి, విశ్రాంతి తీసుకుని, ఆ తరువాత కాలం చేసిన ఒక పెద్దాయన వుండేవారు. సెలవురోజుల్లో చేతిలో ఇమిడే రికార్డరు పట్టుకుని ఘట్‌కేసర్, బీబీనగర్ వైపు పల్లెలకు పోయివచ్చేవారు. నాట్ల పాటలు, దంపుడు పాటలు, బతుకమ్మ పాటలు సేకరించేవారు. ఆయన చేతివ్రాత పుస్తకం శాఖ బీరువాలోనే వున్నది. తెరచి చూస్తే పేజీకి నాలుగైదు చొప్పున అంకెలూ, వాటి పక్కన వూరి పేరూ, పాడినవారి పేరూ, వయస్సూ. 41వ అంకె పక్కన "వయస్సు 80 పైచిలుకు" అని వ్రాసివున్నది. మేము విన్నది 41నే. రికార్డయినది 2016లో. ఆ ముసలమ్మ ఇవాళ వుంటుందని ఆశపడలేము. నాట్లు కూడా మునుపటిలాగా పాటలతో సాగటం తగ్గిపోయింది. ఆ పాటకు ఆ ఫైలు ఒక్కటే ఆధారం.

ఆ 212 ఫైళ్లూ కలిపినా తొమ్మిది గిగాబైట్లు మించవు. మూడు సినిమాలు ఇంచుమించు అంత చోటూ తింటున్నాయి!

ఇక్కడ నాకు తోచిన సంగతి ఒకటున్నది. యంత్రం దృష్టిలో "అయిదేళ్లుగా మార్చనిది" అంటే అక్కరలేనిది. కాని మూలప్రతిని ఎవరు మారుస్తారు? దిద్దకుండా వుండటమే దాని గొప్పతనం. రోజూ తేదీ మారే ఫైళ్లు చూస్తే, చాలావరకు బ్రౌజరు తనకోసం దాచుకునే తాత్కాలిక సరుకు. పైగా ఫైలును మామూలుగా నకలు చేస్తే నకలుకు ఇవాళ్టి తేదీ పడుతుంది. పాతది కొత్తదిగా కనిపిస్తుంది. తేదీ, పరిమాణం, పేరు - ఈ మూడూ సాక్షులేగాని న్యాయాధిపతులు కావు. తీర్పు చెప్పవలసింది మనం.

మా సాహిత్యంలో దీనికి పాత దృష్టాంతం వున్నది. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌను వేమన పద్యాల ప్రతులను ఎక్కడెక్కడినుంచో తెప్పించి, పండితులచేత పోల్చి చూపించి, 1829లో అచ్చువేయించాడు. అప్పటికి ఆ ప్రతులను పట్టించుకున్న పండితులు తక్కువ. పాతవనీ, తప్పులతడకలనీ వాటిని అటకమీదనే చెదలకు వదిలివేసివుంటే మనకు ఎన్ని పద్యాలు మిగిలేవి? నకళ్లు అనుకున్న రెండు ప్రతులు నిజంగా ఒకటేనా అని పండితులు అక్షరం అక్షరం చూసేవారు. కంప్యూటరులో ఆ పనికి 'షా 256 సమ్' అనే ఆజ్ఞ వున్నది. ఇది ఫైలు మొత్తం చదివి 64 గుర్తుల ముద్ర ఒకటి వేస్తుంది. రెండు ఫైళ్ల ముద్ర ఒకటే అయితే అవి అచ్చంగా ఒకటేనని ధైర్యంగా అనుకోవచ్చు. పేరు ఒకటైనంతమాత్రానా, పరిమాణం ఒకటైనంతమాత్రానా కాదు.

పేరు లేని అర

చదివి చూసే మనిషిని తప్పించి, పని మొత్తం యంత్రానికే అప్పగిస్తే ఏమవుతుందో జపానులోని క్యోటో విశ్వవిద్యాలయం వారికి తెలిసింది. వారి సూపర్ కంప్యూటరులో పది రోజులు దాటిన చిట్టా ఫైళ్లను తీసివేసే ఏర్పాటు ఒకటి వుండేది. ఆ పనిని ఫైండ్ ఆజ్ఞకే అప్పగించారు. 2021 డిసెంబరులో సరఫరాదారు సంస్థవారు ఆ ఆజ్ఞాపత్రాన్ని మెరుగుపరచి, పాతది నడుస్తూ వుండగానే దానిమీద కొత్తది పెట్టారు. నడుస్తున్న షెల్ సగం నుంచి కొత్తపత్రం చదవటం మొదలుపెట్టింది. ఏ అరలో వెతకాలో చెప్పే పేరు ముందుభాగంలో వుండిపోయింది. పేరు వుండవలసిన చోట శూన్యం మిగిలింది. చిట్టా ఫైళ్లను వెతకవలసిన ఫైండ్, పరిశోధకుల ఫైళ్లమీద పడ్డాడు.

డిసెంబరు 14 నుంచి 16 వరకు సుమారు 77 టెరాబైట్లు, అంటే 3 కోట్ల 40 లక్షల ఫైళ్లు పోయాయి. 14 పరిశోధక బృందాలు నష్టపోయాయి. వారిలో నాలుగు బృందాల సమాచారం తిరిగి రానేలేదు. ఎవరికీ దురుద్దేశం లేదు. తీసేవాడి పక్కన చూసేవాడు లేడు, అంతే. ఆజ్ఞాపత్రాలు వ్రాసేవారు మొదట 'సెట్ -యు' అని ఒక పంక్తి చేర్చితే, విలువ ఇవ్వని పేరు ఎదురైనప్పుడు యంత్రం ముందుకు పోకుండా ఆగిపోతుంది. ఆ చిన్న పంక్తిని మరువకూడదు.

మరి రక్షణ ఏమిటి? రెండవ ప్రతి. అమెరికాలో పిక్సర్ సంస్థవారు 'టాయ్ స్టోరీ 2' చిత్రం తీస్తున్న రోజుల్లో, 1998లో, ఎవరో కొట్టిన ఆర్.ఎం. ఆజ్ఞ వల్ల చిత్రంలో చాలాభాగం మాయమయింది. దాచివుంచిన నకలు తీస్తే అదీ సరిగా లేదు. గాలిన్ సస్‌మన్ అనే సాంకేతిక దర్శకురాలు పసిబిడ్డ తల్లి కావటం చేత ఇంటివద్దనే పనిచేస్తూ, ఆ చిత్రం ప్రతి ఒకటి తన ఇంటి కంప్యూటరులో వుంచుకున్నది. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి కారులో జాగ్రత్తగా స్టూడియోకు తీసుకువచ్చారట. 1999లో సినిమా విడుదలయింది. నకలు వుండటమే చాలదు, అది తెరుచుకుంటుందో లేదో అప్పుడప్పుడు చూసుకోవాలని ఈ కథ నీతి.

మేము మా శాఖలో చేసిన ఏర్పాటు చిన్నది. తీసివేయదలచిన వాటిని వెంటనే ఆర్.ఎం.కు అప్పగించలేదు. వేరే డిస్కులో "సెలవు" అని ఒక అర చేసి, 'ఎం.వి.' ఆజ్ఞతో అక్కడికి తరలించాం. ఇదే డిస్కులో వేరే అరకు తరలిస్తే చోటు కలిసిరాదు, అది గుర్తుంచుకోవాలి. పట్టిక అచ్చుతీసి గోడకు అంటించాం: "నెలరోజులలో ఎవరికైనా వీటిలో ఏదైనా కావాలంటే చెప్పండి." సినిమాల తాలూకు కుర్రవాడెవరో రాలేదు. చరిత్ర శాఖవారు వచ్చి తమ స్కానులు రెండు వెనక్కి తీసుకున్నారు. నెల తిరిగిన తరువాత మిగిలినవాటిని 'ఆర్.ఎం. -ఐ'తో, ఒక్కొక్కదానికి అవునని చెప్పి మరీ సాగనంపాం. 212 పాటలకు రెండు నకళ్లు తీసి, ఒకటి ఇంకోచోట భద్రపరచాం. పెద్దాయన పుస్తకాన్ని చూసి పేర్లు పెట్టే పనిని విద్యార్థులు ఇప్పుడు చేస్తున్నారు. ఇకముందు ఎవరైనా పట్టిక తీస్తే "ఆర్.ఇ.సి. 0041" కనిపించదు, వూరిపేరు, పాట రకం, ఏడాది కనిపిస్తాయి. పేరు సరిగా పెట్టటం కూడా కాపాడటంలో ఒక భాగమే.

ఇదంతా లైనక్స్ వాడేవారి గొడవ అని చదువరులు పక్కన పెట్టవద్దు. నల్ల తెర ముఖం చూడనివారికి కూడా ఫోను వున్నది. దానిలో పొద్దుటి పువ్వుల బొమ్మలూ, శుభోదయాలూ, ఒకే పెళ్లి వీడియో నాలుగు నకళ్లూ నిండిపోయి, ఏదో ఒక రోజున "చోటు లేదు" అని మొరపెట్టుకుంటుంది. అప్పుడు మీరు అన్నిటినీ ఎంచుకుని ఒక్కసారి నొక్కబోతారు. ఆగండి. పెద్దవి ఏవో ముందు చూడండి. నాలుగు వీడియోలు తీస్తే నాలుగువేల బొమ్మలంత చోటు వస్తుంది. పేరులేని శబ్దఫైలు ఏదైనా కనిపిస్తే తీసేముందు ఒకసారి చెవి దగ్గర పెట్టుకోండి. వూళ్లోవున్న అమ్మమ్మ "అన్నం తిన్నావా బిడ్డా?" అని ఎప్పుడో పంపిన మాట అయినా కావచ్చు.